తవుడు వేసిన బిందె

కంకిపాడు దాటాక బస్సు ఒక్క కుదుపు కుదిపింది. బిందెలో నీళ్ళు తొణికి తెరేస గౌను తడిసింది. అయినా ఆ పిల్ల బిందె వదల్లేదు. రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చెయ్యి లోపల పెట్టి నీళ్ళు కదుపుతూనే ఉంది.

బిందెలో ఉన్నవి చేపపిల్లలు. ఒక్కోటి అగ్గిపుల్లలో సగం ఉంటుంది. నీళ్ళు కదులుతుంటేనే వాటికి గాలి అందుతుంది.

"ఏమయ్యా, వీటన్నిటికీ టిక్కెట్లు కొట్టమంటావా?" అన్నాడు కండక్టరు.

"అరటిక్కెట్టుకి కూడా ఎదగలేదండీ," అన్నాడు తెరేస నాన్న అంతోని. బస్సులో వాళ్ళు నవ్వారు. అంతోని రెండో బిందె పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

వాళ్ళ ఊరు చల్లపల్లి అవతల. నిరుడు ఉప్పెనకి ఊరి చెరువులోకి సముద్రం నీళ్ళు వచ్చి, ఉన్న చేపలన్నీ చచ్చి తేలాయి. ఎండాకాలంలో పేట వాళ్ళంతా కలిసి ఆ ఉప్పునీళ్ళు తోడిపోశారు. తొలకరికి కాలువ నీళ్ళు పెట్టారు. చెరువులో వదలడానికి ఇప్పుడు బెజవాడలో ఈ రెండు బిందెల పిల్లలే దొరికాయి. ఇవి పోతే మళ్ళీ వచ్చే వానాకాలందాకా చెరువు ఖాళీయే.

చేపపిల్లల్ని ఇచ్చినాయన ఒక తవుడు పొట్లం కూడా ఇచ్చాడు. "వీటికి నిన్నటినుంచీ మేత పెట్టలేదు. ఇది రేపు చెరువులో చల్లండి," అన్నాడు.

నిన్నటినుంచీ! తెరేసకి ఆ మాటే గుర్తొస్తోంది. తనేమో బస్టాండులో నాలుగు ఇడ్లీలు తింది.

వెనక్కి తిరిగి చూసింది. నాన్న కునుకు తీస్తున్నాడు, చెయ్యి మాత్రం బిందెలో తిరుగుతూనే ఉంది. తెరేస సంచిలోంచి పొట్లం తీసి, గుప్పెడు తవుడు బిందెలో వేసింది. చేపపిల్లలు గబగబా మూగాయి. ముచ్చటేసి ఇంకో గుప్పెడు వేసింది.

కాసేపటికి నీళ్ళు కుడితిలా అయ్యాయి. పైన నురగ కట్టింది. పిల్లలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరుస్తూ మూస్తున్నాయి. తెరేస ఇంకా జోరుగా కదిపింది. రెండు పిల్లలు పక్కకి ఒరిగిపోయాయి.

పక్క సీట్లో అంకాలమ్మ అని చేపలమ్ముకునే ముసలావిడ ఉంది. ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని బిందెలోకి తొంగిచూసింది.

"ఏంటి పిల్లా, నీళ్ళు ఇట్టా అయినయ్?"

"ఏమో మామ్మా. ఎండకేమో."

అంకాలమ్మ వాసన చూసి ముక్కు చిట్లించింది.

బస్సు ఉయ్యూరులో ఆగింది. అంతోని లేచి వచ్చి చూశాడు. అతని మొహం మాడిపోయింది.

"ఇందులో పిల్లల్ని ఎక్కువ పట్టించినట్టున్నారు. ఊపిరాడక తేలుతున్నయ్. సగం నా బిందెలోకి ఒంపుదాం. అది పట్టుకో తల్లీ."

బిందె ఎత్తి పక్కకి వంచాడు. ఆ నీళ్ళు అందులో పడితే అవీ పాడైపోతాయి. తెరేస నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టేసుకుంది.

"ఒద్దు నాన్నా! ఒంపొద్దు! నేను తవుడు వేశాను. రెండు గుప్పెళ్ళు."

అంతోని చెయ్యి ఆగింది.

"ఆకలేస్తుందని వేశాను," అంది తెరేస. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి.

"ఓసి పిచ్చిమొహమా!" అంది అంకాలమ్మ. "తిన్నాక అవి ఎక్కడికి పోతాయే? ఆ నీళ్ళలోనే పాడుచేస్తయ్. అందుకే పస్తు పెట్టి పంపేది. నీకు బస్సులో కడుపులో తిప్పితే కిటికీ ఉంది. వాటికేముంది?" గంప కింద పెట్టి లేచింది. "ఏడుపు తరవాత. అదుగో కాలువ. దిగండి!"

"అయిదు నిమిషాలేనమ్మా!" అరిచాడు కండక్టరు.

కాలువ ఒడ్డున అంతోని తన తలగుడ్డ విప్పి బిందె మూతికి కట్టాడు. పిల్లలు జారకుండా సగం నీళ్ళు వంచేశారు. అంకాలమ్మ చెంబుతో కాలువ నీళ్ళు కొంచెంకొంచెంగా పోసింది. మళ్ళీ వంచారు. మళ్ళీ పోశారు. కండక్టరు విజిలు వేద్దామని వచ్చి, బిందె చూసి, విజిలు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

మూడోసారికి నీళ్ళు తేటబడ్డాయి. ఒక పిల్ల కిందికి దిగింది. దాని వెంట ఇంకొకటి. కాసేపటికి, చచ్చి తేలిన నాలుగైదు తప్ప, పైన నోళ్ళేవీ కనపడలేదు. అడుగున సన్నగా కదలిక.

అంతోని గట్టిగా ఊపిరి వదిలాడు. "మిగిలినయ్ బతికినయ్," అన్నాడు. తడిచేత్తోనే కూతురి మొహం తుడిచాడు.

"నన్ను కొట్టవా నాన్నా?"

"నేనేమో రెండోదాంట్లోకీ ఒంపేవాణ్ణి. నువ్వు ఆపావు. బస్సెక్కు."

పొద్దు వాలకముందే ఊరు చేరారు. చెరువు గట్టున పేటంతా ఉంది. అందరికీ పెద్దయిన ఇశ్రాయేలు తాత ముందుకొచ్చి, "ఏరా అంతోనీ, అన్నీ క్షేమంగా వచ్చినయ్యా?" అన్నాడు.

అంతోని నోరు తెరిచేలోపే తెరేస ముందుకొచ్చింది.

"నా బిందెలో కొన్ని చచ్చిపోయినయ్ తాతా. దారిలో తవుడు వేశాను. వెయ్యొచ్చో లేదో నాన్నని అడగలేదు."

ఇశ్రాయేలు తాత బిందెలోకి వంగి చాలాసేపు చూశాడు.

"కొన్నేగా," అన్నాడు. "ఇయ్యన్నీ ఈదుతున్నయ్. కానియ్ మరి, నీ బిందె నువ్వే వొదులు."

తెరేస మోకాటిలోతు నీళ్ళలోకి దిగి బిందె సగం ముంచింది. ఒక చెయ్యి బిందెలో, ఒక చెయ్యి చెరువులో పెట్టి చూసింది. బిందెలో నీళ్ళు ఇంకా కాస్త వెచ్చగా ఉన్నాయి; ఉన్నట్టుండి చల్లనీళ్ళలో పడితే చేపపిల్లలు తట్టుకోలేవు.

గట్టుమీద పిల్లలు, "వొంచవే! వొంచవే!" అని గోల.

తెరేస వాళ్ళ వైపు చూడలేదు.

"నాన్నా, ఇప్పుడు ఒంచొచ్చా?"

"ఇంకొంచెంసేపాగు తల్లీ."

తెరేస ఆగింది.