పలకల గనిలో నీళ్లడిగిన గొంతు

పెద్దారవీడు రోడ్డు పక్కన మూతబడిన పలకల గని ఒకటుంది. చీకటి పడినాక దాని పేరెత్తితే మావాళ్లు నోటి దగ్గర ముద్ద ఆపేస్తారు. ఎప్పుడో రాళ్లకుప్ప కూలి ఒక కూలిమనిషి లోపలే పోయిందంట... ఊపిరున్నంతసేపూ నీళ్లడిగిందంట. ఇప్పటికీ రాత్రిళ్లు అడుగుతానే ఉంటదంట. రెండుసార్లు పిలుస్తది. మూడోసారి కూడా పిలుపొస్తే మనిషి. రాకపోతే... ఇంక చెప్పేదేముంది!

ఇప్పుడు సంఘపెద్ద సీమోను సంగతి వినండి. అబ్బో, ఏం భక్తి! చొక్కా ఇస్త్రీ నలగదు, చంకలో బైబిలు దిగదు. ఎవరన్నా సాయమడిగితే మాత్రం, "ప్రార్థన చేస్తాలే తల్లీ" అంటాడు. ప్రార్థనకు పెట్రోలు అక్కర్లేదు గదా!

మొన్న గురువారం రాత్రి ఒకరింట్లో ప్రార్థన కూడిక. పొరుగువాణ్ణి ప్రేమించాలని సీమోను గంటన్నర దంచినాడు. అందరూ వెళ్లిపోయినా తాను కూర్చుని, కోడికూర రెండోసారి వేయించుకోని తిన్నాడు. తీరిగ్గా స్కూటరెక్కినాడు.

సరిగ్గా గని దగ్గర బండి గుర్రుమని ఆగిపోయింది.

చుట్టూ చీకటి. ఆకు కదలదు. కిక్కు కొట్టినాడు... మళ్లీ కొట్టినాడు... అప్పుడు —

"అన్నా..."

కిందనుంచి. గనిలోంచి.

సీమోను కాలు కిక్కు మీదనే బిగుసుకపోయింది. తిన్న కోడి కడుపులో లేచి కూసినట్టయింది.

"అన్నా... నీళ్లు..."

ఆడగొంతు. బొంగురుగా, రాళ్లకింద నలిగి వచ్చినట్టు.

డిక్కీలో సీసా నిండా నీళ్లున్నాయి. ఫోనుకు లైటుంది. ఒక్కసారి వంగి చూస్తే పోయేది. ఈ పెద్దమనిషి ఏం జేసినాడు? వేళ్లు మడిచినాడు! ఒకటి... రెండు... మూడో పిలుపు కోసం ఊపిరి బిగబట్టి నిలబడినాడు.

రాలేదు.

"యేసు రక్తమే జయం!" అని ఒక్క కేక పెట్టి, బండి రోడ్డు మీదనే వదిలేసి, చెప్పులు చేతబట్టుకోని ఉరికినాడు.

ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పినాడు. "సహోదరులారా! సైతాను ఆడగొంతుతో నన్ను పిలిచింది! నీళ్లడిగింది! నేను లొంగలేదు!"

"హల్లెలూయా!" అన్నారు జనం.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. మార్కాపురంలో ఆటో తోలే బడే సాహెబ్ ఆస్పత్రి నుంచి ఒక మనిషిని భుజం పట్టించి లోపలికి తెస్తున్నాడు. ఆమె కాలికి సిమెంటు కట్టు. చూస్తే కూలిపనికి పోయే దీనమ్మ... సీమోను సంఘపు మనిషే!

"పిలిచింది నేనే అన్నా," అన్నది మెల్లగా. "కూడిక నుంచి నడిచి వస్తా, జారి గనిలో పడితిని. నీ బండి చప్పుడు గుర్తుపట్టి పిలిచినా... రెండుసార్లకే సొమ్మసిల్లినా."



"అది కాదమ్మా... ఆ గని సంగతి నీకు తెల్వదా... దెయ్యమేమోనని..." సీమోను నసిగినాడు.

రోడ్డు మీద ఒంటరి స్కూటరు చూసి, ఎవరన్నా పడినారేమోనని బడే సాహెబ్ ఆటో ఆపి వెతికినాడంట. గనిలోంచి ఎవరో నీళ్లడగతా ఉంటే దిగి, నీళ్లు తాపి, ఆస్పత్రికి చేర్చినాడంట. ఆ రాత్రి సంఘపెద్ద కన్నా ఆయన స్కూటరే నయం!

"నీకు భయం కాలేదా మామా?" అని ముందు వరసలో కూర్చున్న సరోజమ్మ అడిగింది.

"ఎందుకు కాలేదమ్మా, బాగా అయింది," అన్నాడు బడే సాహెబ్, దీనమ్మను బెంచీ మీద కూర్చోబెడతా. "దెయ్యమైతే మాత్రం... దాహమంటే నీళ్లియ్యరా ఏంది?"