నస్పూర్ నెత్తురు

అనిల్ కుమార్ ఆఖరిసారి ఫోన్‌లో అన్నవి మూడే ముక్కలు. "పెట్టె జాగ్రత్త, సార్." ఆ వెంటనే కరీంనగర్ బైపాస్ మీద నంబర్ ప్లేట్ లేని టిప్పర్ ఒకటి అతని బైక్‌ను తొక్కేసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున బస్టాండ్ ఎదుటి హోటల్లో ఏజెంట్ బెన్నీ చాయ్ తాగుతున్నాడు. పక్క కుర్చీలోని పెద్దమనిషి పేపర్ మడిచి అడిగాడు.

"భైంసాల పత్తి తడిసిందా?"

"తడవలే. లోపటికి తెచ్చినం."

కోడ్ సరిపోయింది. ఆ పెద్దమనిషి డిపార్ట్‌మెంట్ చీఫ్ లక్ష్మీరాజం. చూడటానికి రిటైరైన తహసీల్దార్‌లా ఉంటాడు గానీ, ఆయన చేతికి చిక్కిన విదేశీ గూఢచారులు ఇప్పటికీ జైల్లో చిప్పకూడు తింటున్నారు.

"అనిల్ బ్లడ్ సర్వేల మన మనిషి," గొంతు తగ్గించాడు చీఫ్. "టార్పాలిన్లకు నీళ్లు అంటకుంట ఒక కెమికల్ పూస్తరు గద. అది ఒక్కసారి నెత్తుట్ల కలిస్తే ఏండ్లకేండ్లు పోదు. అందుకే మూడు తావుల జనం రక్తం తీస్తున్నరు. భైంసా పత్తి కూలీలు, కరీంనగర్ దిక్కు మరమగ్గాలోళ్లు, నస్పూర్‌ల కోటింగ్ షెడ్డు పక్కపొంటి ఉండేటోళ్లు. మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే, అది యాడికెల్లి వస్తున్నదో ఇగ దాగదు. రిజల్ట్ జెనీవా పోతది. ఆడ బ్యాన్ మీద ఓటింగ్."

"బ్యాన్ అయితే నష్టం ఎవలకు సార్?"

"వెస్ట్రోవిక్ ముఠాకు. ఆ కెమికల్ దునియా మొత్తం అమ్మేది వాళ్లే. అనిల్‌ను చంపింది వాళ్లే. తొవ్వల నెత్తురు సీసాల పెట్టె ఎత్తుకపోతరని కావ్య ఖబర్ పంపింది."

కావ్య సర్వే కోఆర్డినేటర్. ముఠాకు పనిచేస్తున్నట్టు నటిస్తూ డిపార్ట్‌మెంట్‌కు వార్తలు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తుంటే సెక్యూరిటీ గార్డులు ఐడీ కార్డు అడగడం మరిచిపోతారు.

"నస్పూర్ నీ ఊరే గద బెన్నీ. ఏమన్న పరేషానా?"

"ఏం లేదు సార్."

అది పచ్చి అబద్ధం. బెన్నీ బాపు సమ్మయ్య వయసంతా ఆ షెడ్డులోనే గడిపి కిడ్నీలు పోగొట్టుకున్నాడు. తాగుడు వల్లే పోయాయని షెడ్డు యజమాని ఊరంతా చాటాడు. సమ్మయ్య జన్మలో గ్లాసు ముట్టలేదు. ఆ మచ్చ మోసుకుని పైకి పోలేనని ముసలాయన రోజూ ఏడుస్తున్నాడు. ఆయన రక్తం కూడా ఆ పెట్టెలోకే వెళ్తుంది. ఈసారి తప్పితే, ఇంకో సర్వే వచ్చేదాకా ఆయన ఉండడు. ఆ ఆలోచన వస్తేనే బెన్నీకి భయమేసింది.

ఆదివారం బెన్నీ అంబులెన్స్ డ్రైవర్ వేషంలో, భైంసా, కరీంనగర్ సీసాలున్న ఐస్ పెట్టెతో నస్పూర్ బయల్దేరాడు. శ్రీరాంపూర్ దాటుతుండగా నల్ల స్కార్పియో వెనక నుంచి దూసుకొచ్చింది. తూటాలకు రెండు టైర్లు పేలాయి. అంబులెన్స్ పల్టీ కొట్టి పక్కకు ఒరిగింది. పెట్టె రోడ్డు మీద పడింది.

సీటు బెల్టులో వేలాడుతూ బెన్నీ చచ్చినట్టు పడి ఉన్నాడు. ముసుగు మనుషులు దిగారు. ఒకడు పెట్టె దగ్గరికి వచ్చి, పక్కకు పడ్డదాన్ని లేపి నిలబెట్టాడు. మూత గట్టిగా ఉందో లేదో చూశాడు. తర్వాత అందరూ స్కార్పియో ఎక్కి వెళ్లిపోయారు.

బెన్నీ ఉంగరంలోని బ్లేడుతో బెల్టు కోసుకుని బయటపడ్డాడు. ఎత్తుకుపోవడానికి వచ్చినవాళ్లు పెట్టెను సరిచేసి పోవడమేమిటి? అంటే పెట్టె క్షేమంగా చేరడమే వాళ్లకు కావాలి. తన కళ్లు రోడ్డు మీదే ఉండాలని ఈ నాటకం ఆడారు. అసలు పని నస్పూర్‌లో జరుగుతోంది. రోడ్డు మీది దాడి గురించి ఖబర్ పంపింది మాత్రం కావ్య.

షిఫ్టు దిగి వస్తున్న ఓ గని కార్మికుడి బైక్ ఆపి, పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

రక్తం తీస్తున్నది మెథడిస్టు చర్చి హాల్లో. ప్రభు భోజనం, అంటే గోరంత రొట్టె, చుక్క ద్రాక్షరసం, ఉన్న ఆదివారం అది తీసుకునేదాకా అక్కడివాళ్లు ఏమీ తినరు. సర్వేకు కావలసింది కూడా ఖాళీ కడుపే. అందుకే ఆరాధనకు ముందు కొందరికి, ఆరాధనయ్యాక ఇంకేమీ తినకముందే మిగతావాళ్లకు నర్సు స్తుతి రక్తం తీసింది. బెన్నీ తెచ్చిన సీసాలను కూడా ఆమె పెద్ద పెట్టెలో సర్దేసింది. జెనీవా నుంచి వచ్చిన పరిశీలకురాలు లక్క కరిగిస్తోంది. సీల్ పడితే పెట్టె మళ్లీ ల్యాబ్‌లోనే తెరుచుకుంటుంది.

"సిస్టర్, ఈ పెట్టెల నెత్తురు గానిది ఏమన్న ఉన్నదా?" గుసగుసగా అడిగాడు బెన్నీ.

"ఒక్క బ్లాంక్ సీసా సార్. ఉత్త నీళ్లు. మా చేతులకెల్లి, గాలికెల్లి కెమికల్ కలిసిందేమో చూసేటందుకు. నీళ్లల్ల కెమికల్ దొరికితే నెత్తుట్లది గూడ బయటదే అంటరు. పెట్టె మొత్తం కొట్టేస్తరు."

బెన్నీ డొక్కలో చల్లగా ఏదో గుచ్చుకుంది.

"తెలివైనవాడివే. కాస్త ఆలస్యంగా," చెవి దగ్గర కావ్య గొంతు. ఆమె చున్నీ కింద సైలెన్సర్ పిస్టల్ ఉంది. రెండో చేతిలో లిప్‌స్టిక్. "దీంట్లో రంగు లేదు బెన్నీ, వెస్ట్రోవిక్ సరుకుంది. ఇందాక బ్లాంక్ సీసా తెరిచి ఉన్నప్పుడు ఒక్క చుక్క వేశాను, అంతే."

"ఆ సీసా తీసేస్తే?"

"బ్లాంక్ లేని పెట్టెను ల్యాబ్ ముట్టుకోదు. ఇప్పుడు కొత్తది నింపినా చెల్లదు, రక్తం తీసే వేళ నింపిందే కావాలి. అరిస్తే ముందు ఆ నర్సు పోతుంది."

గోడ పక్క కుర్చీలో సమ్మయ్య మోచేతి దగ్గర దూది నొక్కి పట్టుకుని కొడుకునే చూస్తున్నాడు. బెన్నీకి ఏడుపొచ్చినంత పనైంది. లక్క చుక్క మూత మీద పడింది.

"స్తుతీ, జర ఆగు బిడ్డా."

సంఘ పెద్ద మగ్దలేనమ్మ చేతిలో చిన్న సీసాతో వస్తోంది. ఒంట్లో బాగాలేనివాళ్లు నీళ్ల సీసా తెచ్చి పుల్పిట్ అనే ప్రసంగ బల్ల దగ్గర పెట్టడం, పాస్టర్ ప్రార్థన చేశాక ఇంటికి తీసుకెళ్లి తాగడం ఆ చర్చిలో అలవాటు.

"పొద్దుగాల గీ నీళ్లు నీ బల్ల మీద ఉండె. ఎవలో ప్రార్థన నీళ్లు మర్శిపోయిండ్రనుకొని పుల్పిట్ కాడ పెట్టిన. అయ్యగారు ప్రార్థన గూడ చేసిండు. అందరు ఎవలయి వాళ్లు తీస్కపోయిండ్రు, గిదొక్కటే మిగిలింది. ఎవలదో ఏమో."

స్తుతి మొహంలో రంగు మారింది. మూత మీద టేపు, టేపు మీద తన సంతకం. పొద్దున రక్తం తీస్తూ నింపిన మొదటి బ్లాంక్ అది. కనబడకపోతే ఎక్కడో పారేసుకున్నాననుకుని, ఆరాధన తర్వాత ఇంకోటి నింపింది. కావ్య చుక్క వేసింది ఆ రెండోదాంట్లో.

కావ్యకూ విషయం అర్థమైంది. చున్నీ స్తుతి వైపు తిరిగింది. కానీ మగ్దలేనమ్మ సీసాను స్తుతికిచ్చి అప్పటికే కొత్త మొహాన్ని చూసేసింది. ఆ చర్చిలో కొత్తగా వచ్చినవాళ్లు ఆమెతో చెయ్యి కలపకుండా గడప దాటలేరు.

"వందనాలు బిడ్డా. ఏ ఊరు?" అంటూ చున్నీ కింది చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపేసింది.

తూటా నేలలోని షాబాద్ బండను పగలగొట్టింది. బెన్నీ కావ్య మణికట్టు విరిచి పిస్టల్ లాక్కున్నాడు. "సీల్ వెయ్యకండి, మేడమ్," అన్నాడు. ముద్ర లక్కకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

పరిశీలకురాలు టేపు చూసింది, సంతకం చూసింది, తల ఊపింది. సీసాలు మారాయి. విషపు సీసా, లిప్‌స్టిక్ ఎవిడెన్స్ కవర్‌లోకి వెళ్లాయి. సీల్ పడింది.

"గా పిల్ల చేతులు సల్లగున్నయి. ఏమన్న తిన్నదో లేదో అడుగుండ్రి," అంది మగ్దలేనమ్మ, బేడీల్లో వెళ్తున్న కావ్యను చూస్తూ.

రిజల్ట్ వచ్చేసరికి వానలు పడ్డాయి. భైంసా రక్తంలో కెమికల్ తక్కువ. మరమగ్గాలవాళ్లలో కొంచెం ఎక్కువ. నస్పూర్‌లో విపరీతం. అందరికంటే పైన సమ్మయ్య. జెనీవాలో బ్యాన్ గెలిచింది, షెడ్డుకు తాళం పడింది.

"సదువు కొడుకా. అందరికి ఇనవడాలె," అన్నాడు సమ్మయ్య.

చర్చిలో అందరి ముందూ బెన్నీ రిపోర్ట్ చదివాడు. కిడ్నీలు తిన్నది తాగుడు కాదు, కెమికల్ అని వినగానే సమ్మయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నిలబడే కళ్లు తుడుచుకున్నాడు. బాపును అంత నిటారుగా చూసి బెన్నీకి చాలా సంతోషమేసింది.

చివర ఇంకో వాక్యం మిగిలింది. "బ్లాంక్ సీసాను క్షుణ్ణంగా పరీక్షించాం. నీళ్లు తప్ప అందులో ఏమీ లేదు." మొదటి వరసలో, ఆ నీళ్లను ప్రార్థనకు పెట్టిన మగ్దలేనమ్మ కూర్చుని ఉంది. వెస్ట్రోవిక్ ముఠాకు బెదరని ఏజెంట్ బెన్నీ ఆ వాక్యం చదవకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.