రెండు రోజుల సముద్రం

సంగీత విదేశం నుంచి వచ్చి మూడు రోజులైంది. ఆమె ఫోన్లో ఉన్న సముద్రాన్ని తండాలో అందరూ చూశారు, ఒక్క అత్త సోమ్లీ తప్ప.

ఆ ఉదయం చాయ్‌కి వచ్చిన పక్కింటి చంద్రి కూడా ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"అబ్బా, నీళ్లేందే గింత నీలంగున్నయ్! సోమ్లక్కా, జర ఇటు జూడు. నీ కోడలు కుర్చీల పండుకొని కొబ్బరిబోండం తాగుతాంది."

"నాకు కోళ్లున్నయ్," అంది సోమ్లీ. కోళ్లకు గింజలు చల్లడం ఎప్పుడో అయిపోయింది. అయినా మళ్లీ చల్లింది.

పెద్దవయసులో అసూయ రాదని ఎవరన్నారో గానీ, సోమ్లీకి వచ్చింది. మోకాళ్ల నొప్పిలాగే కూర్చున్నా లేచినా వదలడం లేదు. కారణం లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో జరిగే చేతిపనుల మేళాకు పిలుపు వచ్చింది సోమ్లీకే. ఆమె అద్దాలు కుట్టిన దుప్పటి చూసే పిలిచారు. తీరా వీసా కోసం హైదరాబాద్ వెళ్తే వేలిముద్ర ఒక్కటీ పడలేదు. నలభై ఏళ్లుగా సూదీ, కలుపూ, మిరపచేనూ కలిసి ఆ గీతలన్నీ తినేశాయి. కాగితాలు సమయానికి తేలలేదు. తోడుగా పోవాల్సిన కోడలు ఒక్కతే పోయింది.

మేళాకు పోయినందుకు సోమ్లీకి బాధ లేదు. అది పని. కానీ వచ్చేటప్పుడు సీషెల్స్ దీవుల్లో విమానం మారాలట. తర్వాతి విమానం రెండు రోజులకట. మేళావాళ్లు అంతవరకూ సముద్రం ఒడ్డున హోటల్లో ఉంచారట. ఆ రెండు రోజులే సోమ్లీకి మింగుడుపడడం లేదు.

చంద్రి వెళ్లాక సంగీత సంచిలోంచి గవ్వల దండ తీసింది. సొంత తల్లిని పిలిచినట్టే అత్తను 'యాడీ' అంటుంది.

"యాడీ, నీకోసమే తెచ్చిన. మెడలేస్కో."

"సముద్రం నీకు, గవ్వలు నాకా?"

"గట్లంటవేంది? నేను అడిగి పోయిన్నా? నీ ముద్రలు పడకపోతే నా తప్పా?"

"నీ తప్పు గాదే, గీ వేళ్ల తప్పు! నా కొడుకును సదివించిందీ, నీకు సూది పట్టుడు నేర్పిందీ గీ వేళ్లే. కుట్టింది నేను, పోయి కూసున్నది నువ్వు!"

స్నానం చేస్తున్న కల్యాణ్ తడి తలతో గుమ్మం దాకా వచ్చాడు. తల్లి ముఖం, భార్య ముఖం చూసి తిరిగి లోపలికి పోయాడు. తెలివైనవాడు.

"ఒక్కటి చెప్పు," అంది సోమ్లీ. "ఆడ కూసున్నప్పుడు ఒక్కపారన్న నేను యాదికొచ్చిన్నా?"

సంగీతకు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. 'రాకేంది, గడియగడియకూ నువ్వే' అనేస్తే గొడవ తీరిపోయేది. కానీ ఎదురుగా చాచి ఉన్న ఆ అరిగిన వేళ్లను చూస్తూ అనలేకపోయింది.

"రాలే యాడీ," అని తల వంచుకుంది. "మేళాల రోజూ వచ్చినవ్. కుట్టు కుట్టుకూ నీ పేరే చెప్పిన. కానీ గా సముద్రం కాడ ఎవ్వలూ యాదికి రాలే. నువ్వు రాలే, నీ కొడుకు రాలే, ఇల్లు రాలే. నీళ్లు జూస్కుంట ఊకె పండుకున్న. విమానం ఎక్కేముందు నువ్వు యాదికొస్తె ఉరికి గీ గవ్వలు కొన్న. తల్సుకుంటె సిగ్గయితాంది."

సోమ్లీ కొడుకు పోయిన గుమ్మం వైపు చూసింది.

"వాడు గూడ యాదికి రాలే?"

"రాలే."

సోమ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని రోజులూ తను దేన్ని చూసి కుళ్లుకుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"నాకు అరవై దాటినయ్ బిడ్డా. ఎవ్వలూ యాదికి రాని పూట ఒక్కటి లేదు. మీ మామ సచ్చిపోయిన నాడు గూడ బర్రెకు గడ్డేసినంకనే ఏడ్చిన."

సంగీత కళ్లు తుడుచుకుని లేచింది. వేపచెట్టు నీడన మంచం వాల్చింది. కల్యాణ్‌ను కొబ్బరిబోండాల కోసం మానుకోట బజారుకు తరిమింది.

"ఇయ్యాల, రేపు నువ్వు మంచం దిగొద్దు. కోళ్లు, బర్రె, వంట అన్నీ నాయే."

సోమ్లీ గవ్వల దండ వేసుకుని వెల్లకిలా పడుకుంది. కోడలు చేతికిచ్చిన ఫోన్లో మొదటిసారి సముద్రం చూసింది. చంద్రి చెప్పినట్టు నీలంగానే ఉంది.

పావుగంట కాలేదు, మంచం మీంచి కేక వినపడింది.

"సంగీతా! బర్రెకు కుడితి పెట్టినవా?"

"యాడీ!"

"అగో, యాదికొచ్చింది. ఏం జెయ్యాలె?" అంది సోమ్లీ, తడి కళ్లతో నవ్వుతూ. "సూది పట్టుడు నేను నేర్పిన గద. గిది నువ్వు నేర్పు."