వన్డే గాడు

నాచారంలో జోసఫ్ ఇంట్లో టిఫిన్ కంటే ముందు ప్రార్థన ఉంటుంది. బల్ల మీద ఉప్మా గిన్నె పొగలు కక్కుతున్నా సరే, ఆమెన్ అనేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇంటి పెద్ద గనుక ప్రార్థన ఆయనే చేస్తాడు. అప్పుడు అందరి కళ్ళూ మూసి ఉంటాయి, ఎదురు మాట్లాడే వీలుండదు. ఈ సౌకర్యం జోసఫ్‌కు బాగా అలవాటైపోయింది. భార్యా పిల్లల మొహం మీద అనలేనివన్నీ దేవుడితో చెప్పే వంకన అనేస్తుంటాడు. మొహం మీద అనలేనివి ఆయనకు పెద్దగా ఉండవనుకోండి, అది వేరే సంగతి.

"ప్రభువా, నా కుమారుడు జీవన్ కుమార్‌కు ఓపిక దయచేయుము. ఇరువది యేడేండ్లు వచ్చినను ఒక్కచోట నిలువలేని వాని కాళ్ళకు నిలకడనిమ్ము. తన తాహతుకు మించిన దానిని ఆశింపకుండ వాని మనస్సును కాయుము. ఆమెన్."

"ఆమెన్" అన్నాడు జీవన్, అందరికంటే ముందు. వాళ్ళమ్మ దోర్కా కళ్ళు తెరిచి కొడుకు వైపు చూసి, గబగబా ఉప్మా వడ్డించడం మొదలుపెట్టింది. డిగ్రీ చదివే కూతురు నిస్సీ మాత్రం ఊరుకోలేదు.

"డాడీ, ఇది ప్రార్థననా, సెలక్షన్ మీటింగా?"

"నువ్వు తిను" అన్నాడు జోసఫ్.

సెలక్షన్ మీటింగ్ అనడంలో తప్పేమీ లేదు. ఉప్పల్‌లోని ఈస్టర్న్ కోల్ట్స్ క్రికెట్ క్లబ్‌కు జోసఫ్ చీఫ్ సెలక్టర్. మూడు రోజుల లీగ్‌కు జట్టును ఆ వారమే ఖాయం చెయ్యాలి. ఆ లీగ్‌లో రాణించినవాళ్ళే రాష్ట్రం జట్టు కంట్లో పడతారు. టెస్ట్ క్రికెట్ అనే కలకు అది మొదటి మెట్టు. జీవన్ ఏడేళ్ళుగా ఆ క్లబ్‌కే వన్డేలు ఆడుతున్నాడు. మొదటి బంతి నుంచే ఉతికేస్తాడు. అతను ఓ గంట నిలిస్తే అవతలి జట్టు మ్యాచ్ మీద ఆశ వదులుకోవలసిందే. కానీ మూడు రోజుల ఆటకు ఇంతవరకూ ఒక్కసారి కూడా పిలుపు రాలేదు. వచ్చే ఏడాదికి ఇరవై ఎనిమిది నిండుతాయి. ఇప్పుడు రాకపోతే ఇక పిలిచేవాళ్ళుండరు.

రాకపోవడానికి కారణం ఇంట్లోనే కూర్చుని ఉప్మా తింటోంది. వన్డే ఆడేవాడు వన్డేకే పనికొస్తాడని జోసఫ్ సిద్ధాంతం. టెస్ట్ జట్టులోకి ఎవరైనా వన్డే హిట్టర్‌ను తీసుకుంటే చాలు, ఆ రోజు పేపర్ చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ సెలక్టర్లను చెడామడా తిడతాడు. కొడుకు ప్రస్తావన వస్తే 'మా వన్డే గాడు' అంటాడు. ఆ మాట కాలనీ పిల్లల దాకా పాకింది.

ఒకప్పుడు ఆయనా ఆటగాడే. పొద్దుగూకే దాకా క్రీజులో పాతుకుపోయేవాడని ఉప్పల్‌లో సిమెంట్ జోసఫ్ అని పేరు. ఆ ఆటతోనే స్పోర్ట్స్ కోటాలో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. తరువాత ఒక సీజన్‌లో వన్డేల్లో మెరిసిన కుర్రాడొకడు వచ్చి మూడు రోజుల జట్టులో ఆయన స్థానంలో ఆడాడు. జోసఫ్ మళ్ళీ ఆ జట్టులోకి పోలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

టిఫిన్ సగంలో ఉండగా గేటు దగ్గర స్కూటర్ ఆగింది. పరంధామయ్య లోపలికి వచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు, క్లబ్‌లో రెండో సెలక్టర్.

"ఇవాళైనా మీ అబ్బాయికి న్యాయం చేస్తారా, లేదా?" అన్నాడు, దోర్కా ఇచ్చిన టీ అందుకుంటూ.

"న్యాయమే చేస్తున్న అన్నా. మూడు రోజుల ఆటంటే ఎర్ర బంతి, పొద్దున పూట స్వింగ్ అయితది. ఆఫ్ స్టంప్ బయట పోయేదాన్ని వదిలిపెట్టుడు రావాలె. వీనికి బంతి కనవడితే చాలు, చెయ్యి ఊకోదు."

"చెయ్యి ఊరుకోకపోవడం కూడా ఒక విద్యేనండీ. టెస్ట్ గెలవాలంటే ఇరవై వికెట్లు తియ్యాలి. వాడు రెండు గంటల్లో పని పూర్తిచేస్తే మన బౌలర్లకు టైం దొరుకుతుంది. పదకొండు మందీ గోడల్లా నిలబడితే మ్యాచ్ డ్రా అవుతుంది, అంతేగా?"

"నిలవడుడు చాతగానోల్లు చెప్పే ముచ్చట్లు ఇవన్ని."

"ఒక్కసారి పరీక్ష పెట్టి చూడండి మరి."

జోసఫ్ చెయ్యి కడుక్కుని వచ్చి కొడుకు ఎదురుగా నిలబడ్డాడు. "సరే. ఇయ్యాల ప్రాక్టీస్ మ్యాచ్‌ల ఓపెనింగ్ నువ్వే. సాయంత్రం దాంక ఉండాలె. గాల్లకి ఒక్క బంతి లేపినా ప్యాడ్లు విప్పి ఇంటికి రా. మల్ల నా ముంగట మూడు రోజుల ఆట ముచ్చట తియ్యద్దు."

"సరే డాడీ" అన్నాడు జీవన్.

ఉప్పల్ భగాయత్ అవతల క్లబ్ మైదానం. ఎండాకాలపు ఎండ అప్పుడే నెత్తి మీదికి వచ్చేసింది. జోసఫ్ బౌండరీ బయట ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాడు. ఆట మొదలవబోతుండగా బసవరాజును పక్కకు పిలిచాడు. క్లబ్‌లో అందరికంటే వేగంగా వేసేవాడు బసవరాజే.

"పక్కటెముకల మీదికి లేపు" అన్నాడు జోసఫ్ మెల్లగా. "ఆడికొస్తే వాడు కండ్లు మూస్తడు."

బసవరాజు బిత్తరపోయి చూశాడు. "సార్, జీవన్ అన్నకా?"

"బ్యాట్స్‌మన్‌కు వెయ్యి. వాడు ఎవడైతే నీకేంది?"

జీవన్ పదేళ్ళవాడిగా ఉన్నప్పుడు ఇంటి వెనక సందులో జోసఫే గట్టి బంతితో బౌలింగ్ చేసేవాడు. ఒకసారి బంతి లేచి పక్కటెముకల్లో తగిలి పిల్లాడు ఊపిరాడక కింద పడిపోయాడు. ఆ తరువాత ఆ ఎత్తులో బంతి వస్తే కళ్ళు వాటంతటవే మూసుకుపోతున్నాయని, ఎవరికీ చెప్పొద్దని తండ్రికే చెప్పుకున్నాడు. జోసఫ్ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అవతలి టీం వాళ్ళు మాత్రం కనిపెట్టరా, ముందే తెలుసుకుంటే తప్పేమిటని తనకు తాను నచ్చజెప్పుకుని కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నాడు.

మొదటి దెబ్బ తొందరగానే తగిలింది. జీవన్ ఒక్క క్షణం వంగాడు. మళ్ళీ నిటారుగా నిలబడి గ్లవ్ సర్దుకున్నాడు. తగిలిన చోట రుద్దుకోలేదు. జోసఫ్ కుర్చీ అంచుకు జరిగాడు. బసవరాజు మళ్ళీ అక్కడే వేశాడు, మళ్ళీ మళ్ళీ వేశాడు. స్పిన్నర్ వచ్చి ఊరిస్తూ బంతిని గాల్లోకి విసిరినప్పుడు ఫీల్డర్లంతా సిక్సర్ కోసం తలలెత్తారు. జీవన్ వంగి దాన్ని నేలకు అదిమేశాడు. లంచ్‌కు పరంధామయ్య పిలిచినా జోసఫ్ లేవలేదు. తిని వచ్చేసరికి ఆట మొదలైపోయి, కొడుకు ఔటయ్యే బంతి తను చూడకుండా పోతుందేమోనని కుర్చీలోనే పెరుగన్నం తెప్పించుకున్నాడు.

టీ విరామంలో బసవరాజు జీవన్ పక్కన కూర్చుని ఏదో చెప్పాడు. జీవన్ నీళ్ళు తాగుతూ తల ఊపాడు. విరామం అయ్యాక బసవరాజు బంతి పట్టనన్నాడు. జోసఫ్ అక్కణ్ణుంచే గట్టిగా అరిచాక పట్టాడు.

పొద్దు వాలాక బెయిల్స్ తీశారు. జీవన్ ఔట్ కాలేదు. గాల్లోకి ఒక్క బంతీ లేపలేదు. ఫీల్డర్లు చప్పట్లు కొట్టారు.

"ఇంకేం కావాలండీ మీకు?" అన్నాడు పరంధామయ్య.

"పరుగులేవి అన్నా? దినమంత ఆడి నలభై కొట్టిండు. గా మాత్రం దానికి వీడెందుకు? కొట్టకపోతే వీని దగ్గర ఇంకేమున్నది?"

పరంధామయ్య ఆయన మొహంలోకి చూసి, పొద్దున తీసుకొచ్చినట్టు స్కూటర్ ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయాడు.

జోసఫ్ ఇంటికి వచ్చేసరికి జీవన్ హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఆట బట్టలు కూడా విప్పకుండా. నిస్సీ ఐసు ముక్కలు బట్టలో చుడుతోంది. దోర్కా గడప దగ్గరే ఎదురైంది.

"టీంల వాని పేరు పెడుతున్నవా?"

"లేదు."

"రోజంత ఉన్నడంట గద!"

"ఉన్నడు. ఉంటే ఐపోయిందా? పరుగులు రావాలె."

దోర్కా ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆ సాయంత్రం పెంచింది. "కొడితే ఓపిక లేదంటివి. ఓపిక వడితే పరుగుల్లేవంటివి. వాడు ఏం జేస్తే నీకు సరిపోతది? చెప్పు, అదే జేపిస్త!"

"ఇది ఆట. వంటింటి ముచ్చట గాదు."

"డాడీ," అంది నిస్సీ ఐసు మూట పట్టుకుని, "బసవరాజన్న గన్ని బంతులు అన్న పక్కల మీదికే ఎందుకేసిండు?"

"వాడు ఫాస్ట్ బౌలర్. వాని ఇష్టం."

"డాడీ చెప్పిండు" అన్నాడు జీవన్.

కోపంగా కూడా అనలేదు. టైం ఎంతయిందంటే చెప్పినట్టు చెప్పాడు. నిస్సీ చేతిలోని బట్ట లోంచి నీళ్ళు కారి నేల మీద పడుతున్నాయి. దోర్కా భర్త వైపు చూసింది. కాదను అన్నట్టు చూసింది. జోసఫ్ కాదనలేదు.

"నీ జాగల వచ్చిన పోరడు నా కొడుకు గాదయ్యా" అంది దోర్కా, ఏడుపు మింగుతూ. "వాడెవడో ఎప్పుడో వచ్చిపోయిండు. వాని మీది కసి నా బిడ్డ మీద తీర్చుకుంటున్నవ్."

ఆ మాట జోసఫ్‌కు సూటిగా తగిలింది. తగిలిన మనిషి నోటికి ఏది దొరికితే అది విసురుతాడు. "వాడు నా జాగ తీసుకున్నడు, నిజమే. తీసుకునే దమ్మున్నది వానికి. నీ కొడుకు గా వన్డే గాని కాలిగోటికి గూడ సరిపోడు!"

అన్నాక తెలిసింది ఎంత మాట అన్నాడో. కానీ వెనక్కి తీసుకోవడం ఆయనకు ఎన్నడూ అలవాటు లేదు. నిస్సీ ఏడుస్తూ లోపలికి పోయింది. జీవన్ మాత్రం కదల్లేదు. అది చూసి జోసఫ్‌కు ఇంకా చిర్రెత్తింది.

"నేనే చెప్పిన్నని నీకెప్పుడు ఎరుకైంది?"

"టీ టైంల. బసవరాజు చెప్పిండు."

"ఎరుకైనంక గూడ మల్ల ఎందుకు దిగినవ్? దెబ్బ తగిలింది, చాతగాదంటే ఎవడన్న కాదంటుండెనా? గంత మొండితనం ఎవనికోసం?"

జీవన్ తలెత్తి తండ్రి వైపు చూశాడు.

"ఏడేండ్ల సంది వన్డేలు ఆడుతున్న డాడీ. సెంచరీలు కొట్టిన. అందరి డాడీలు వచ్చెటోల్లు. పరంధామయ్య సార్ వచ్చెటోడు. నువ్వు ఒక్కనాడు గూడ రాలే. అది ఆటనే గాదంటివి. మూడు రోజుల టీంల ఉంటెనన్న వచ్చి కూసుంటవనుకున్న. నాకు స్టేట్ టీం మీద గంత పిచ్చేం లేదు. టెస్టులు నాతోని గావని నాకు గూడ ఎరుకే." ఆగి ఊపిరి తీసుకున్నాడు. తీసుకుంటుంటే మొహం నొప్పితో ముడుచుకుంది. "ఇయ్యాల పొద్దటి సంది నన్నే సూసినవ్. అన్నానికి గూడ లేవలే. నేను ఔటైతే లేసి పోతవని... ఔట్ గాలే."

రోజంతా ఆ కుర్చీలో తను దేనికోసం కూర్చున్నాడో జోసఫ్‌కు బాగా తెలుసు. కొడుకు ఓడిపోవడం కళ్ళారా చూద్దామని కూర్చున్నాడు. ఆ చూపునే పిల్లవాడు ప్రేమనుకుని, దాని కోసం ఎండలో ఒంటిని అప్పజెప్పి నిలబడ్డాడు.

"పరంధామయ్యకు ఫోన్ చేస్త" అన్నాడు చివరికి. "పేరు పెడదం."

"వద్దు డాడీ. సైనిక్‌పురిల స్కూల్ వాల్లు కోచ్‌గ రమ్మన్నరు. వస్తనని నువ్వు రాకముందే చెప్పిన."

"మరి... వన్డేలన్న ఆడుతవ్ గద? ఎప్పుడున్నది మ్యాచ్? ఈసారి నేనొస్త. పొద్దుగాలనే వస్త."

"వన్డే సీజన్ పోయిన వారమే ఐపోయింది డాడీ. వచ్చే యేడు నేను ఆడను."

జీవన్ లేచి చొక్కా విప్పుకోబోయాడు. ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. రెండుసార్లు ప్రయత్నించి, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. దోర్కా ముందుకు రాబోయింది. అంతలో జోసఫే వెళ్ళాడు. ఒక్కొక్క గుండీ తీసి, చెమటకు ఒంటికి అతుక్కున్న చొక్కాను పైకి లాగాడు. పక్కటెముకల మీద నల్లగా కమిలిన మచ్చలు, ఒకదాని మీద ఒకటి. ఒక మచ్చలో బంతి కుట్టు గుర్తులు కూడా కనబడుతున్నాయి. బసవరాజు గురి తప్పలేదు. చెప్పిన చోటే వేశాడు.

జోసఫ్ కింద మోకరించాడు. కొడుకు నడుము పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేనే కొట్టిన బిడ్డా... నేనే కొట్టిన నిన్ను" అని అదే మాట పదే పదే అంటున్నాడు. దోర్కా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

జీవన్ ఆయన్ని లెమ్మనలేదు, పర్వాలేదనీ అనలేదు. చాలాసేపటికి పైకి లేవగలిగిన కుడి చెయ్యిని తండ్రి తల మీద పెట్టాడు.

"జర మెల్లగ పట్టుకో డాడీ," అన్నాడు, "నొస్తున్నది."