అన్నయ్య వాడిన కంప్యూటర్

శనివారం పొద్దున్న సుమంత్ రాయగడ స్టేషన్లో దిగి రైల్వే క్వార్టర్ల వైపు నడిచాడు. దామంజోడి ప్లాంటులో టెక్నీషియన్‌గా చేరి నాలుగేళ్లయింది. నెలకోసారి ఇంటికి వస్తాడు. ఈసారి షిఫ్టులు మారి రెండు రోజులు కలిసిరావడంతో ఫోన్ కూడా చెయ్యకుండా బయలుదేరాడు. దారిలో అమ్మకి ఇష్టమని వేడి వేడి బరాలు, ఒరియావాళ్ల మినపగారెలు, పొట్లం కట్టించుకున్నాడు.

తలుపు తీసే ఉంది. చెప్పులు విడుస్తూ లోపలికి చూసి ఆగిపోయాడు.

భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచారు. దాని మీద అతని కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి పడుకోబెట్టి ఉంది. నాన్న తిరుమలరావు కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని, పెయింటు బ్రష్షుతో ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దులుపుతున్నాడు. చెల్లెలు ధరణి సెల్‌ఫోన్ లైటు పట్టుకుని ఆయన భుజం మీంచి వంగి చూస్తోంది.

"అక్కడ కాదు నాన్నా, ఆ మూల."

"కనబడతాంది అమ్మీ, కంగారెట్టకు. ముప్పయ్యేళ్లు సిగ్నల్ రిలేలు తుడిసినోణ్ణి, నీ పంకా తుడవలేనేటి?"

ధరణి నవ్వింది. ఆయనా నవ్వాడు. సుమంత్ చేతిలో పొట్లం చల్లబడుతోంది. ఆ ఇద్దరూ అతన్ని ఇంకా చూడలేదు.

"వచ్చేవా నానా? కబురైనా లేదేటి?" అంటూ వంటింట్లోంచి సుభద్రమ్మ వచ్చాకే ఇద్దరూ తలెత్తారు.

"అన్నయ్యా, సరైన టైముకి వచ్చేవు," అని ధరణి అతని చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కెళ్లింది. డిగ్రీ అయ్యాక ఆమె కాలనీ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతోంది. సాయంత్రాలు ఆన్‌లైన్‌లో జట్టుగా ఆడే ఆటలు ఆడుతుంది. హైదరాబాదులో ఆడపిల్లల జట్టు ఒకటి ఆటగాళ్లని ఎంచుకుంటోందట. ఇంటి నుంచే ఆడి చూపించాలి. ఇంకా మూడు వారాలుంది.

"దీనికి ఎనిమిదేళ్లు. ఆట మధ్యలో వేడెక్కి ఆగిపోతాంది. నా దగ్గర పద్నాలుగు వేలున్నాయి. కొత్తది రాదు కదా. అందుకే ఉన్నదాన్నే బాగుచేద్దామని. ర్యామ్ ఇంకొకటి, హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ, ఒక సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు."

"కార్డు కుదిరింది," అన్నాడు తిరుమలరావు, బ్రష్షు దులుపుతూ. "విజయనగరంలో బాపిరాజని, నెట్ సెంటర్ ఎత్తేస్తన్నాడు. ఎనిమిది వేలకి ఇస్తానన్నాడు. సోమారం అమ్మి, నేను ఎల్తాం. సెలవెట్టేను."

"సెలవు పెట్టేవా?" అన్నాడు సుమంత్.

"మరి, సూడకుండా ఎలగ కొంటాం?"

సుమంత్ స్నానానికని వెళ్లి, బకెట్లో నీళ్లు నిండి పొర్లిపోతున్నా అలాగే నిలబడ్డాడు.

ఆ కంప్యూటర్ అతను డిప్లొమాలో ఉండగా స్కాలర్‌షిప్ డబ్బుతో కొన్నది. నాన్న దాన్ని పేరు పెట్టి పిలిచింది ఎప్పుడూ లేదు. "దరిద్రప్పెట్టె" అనేవాడు. ఆఖరి సంవత్సరం పరీక్షల ముందు ఒక మధ్యాహ్నం, ఆట మధ్యలో ఉండగా, మాటైనా అనకుండా కరెంటు వైరు లాగేసి, చుట్టచుట్టి లంచ్ సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. నాలుగు నెలలు అది స్టేషన్లో ఆయన పనిచేసే సిగ్నల్ రిలే రూములో తాళం కింద ఉంది. అంతకు ముందు ఏడాది కాలేజీలో కంప్యూటర్ ఆటల పోటీలో సుమంత్ రెండోవాడిగా వచ్చి ఫోన్ చేస్తే, అవతలి నుంచి వచ్చిన మాట ఒక్కటే: "పరీక్షలెప్పుడు?"

అదే చేత్తో ఇవాళ దుమ్ము దులుపుతున్నాడు. సెలవు పెట్టి మరీ విజయనగరం వెళ్తాడట.

ధరణి మీద కోపం రావడానికి కారణం లేదని అతనికి తెలుసు. తెలిసినా వచ్చింది.

భోజనాల దగ్గర తిరుమలరావు కార్డు పేరు రాసుకున్న కాగితం అతని ముందు పెట్టాడు. "ఒకసారి సూడరా. మాకంటే నీకు బాగా తెల్సు."

సుమంత్ కాగితం చూశాడు. మంచి కార్డు. ఆ ధరకి అంతకంటే మంచిది దొరకదు. ఉన్న పవర్ సప్లై దానికి సరిపోతుంది కూడా. అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, "ఇది పనికిరాదు," అన్నాడు.

"ఎందుకు?" అంది ధరణి.

"మన పవర్ సప్లై చాలదు. ఇది పెడితే బోర్డు కాలిపోతాది. అప్పుడు ఉన్నదీ పోతాది."

"చాలుతాదని రాసేరు అన్నయ్యా. నేను చూసేను."

"రాసేవాళ్లు రాస్తారు. కాలితే వాళ్లు కొనిస్తారా?"

తిరుమలరావు కూతురి వైపు తిరిగాడు. "వద్దులే అమ్మీ. ఆడు రోజూ పెద్ద పెద్ద మిషన్లతో ఉంటాడు. ఆడికి తెల్దేటి?" అని చెయ్యి కడుక్కుని, వెంటనే బాపిరాజుకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. తర్వాత ఆఫీసుకి ఫోన్ చేసి, సోమవారం సెలవు అక్కర్లేదన్నాడు.

తన మాట నాన్న ఇంత తేలిగ్గా నమ్మడం సుమంత్‌కి ఊహ తెలిసాక అదే మొదటిసారి. సంతోషం కలగాలి. కలగలేదు. ధరణి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ కాఫీలు తెచ్చేసరికి ధరణి వచ్చి అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తిరుమలరావు పేపరు చదువుతున్నాడు. ఆమె ఫోన్ అన్న ముందు పెట్టింది.

"ఇది చూడు. దీపావళికి నువ్వే మన గ్రూపులో పెట్టేవు."

ఫోటోలో సుమంత్, అతని స్నేహితుడు మోహన్‌కృష్ణ. మధ్యలో మూత తీసిన కంప్యూటర్. కింద అతను రాసిన మాట, "నేనే బిగించేను."

"నిన్న సాయంత్రం మోహన్‌కృష్ణ అన్నయ్యకి ఫోన్ చేసేను. అదే కార్డట. మనకున్న పవర్ సప్లైయేనట. ఏడాదిగా ఆడతన్నాడట. ఏమీ కాలలేదు." ఆమె ఫోన్ ఇంకాస్త ముందుకి జరిపింది. "నాకెందుకు అబద్ధం చెప్పేవు?"

తిరుమలరావు పేపరు దించాడు. సుభద్రమ్మ ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మర్చిపోయేను," అన్నాడు సుమంత్.

"నువ్వు మర్చిపోవు."

"అయితే అవును. కావాలనే చెప్పేను." కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "నేను ఆడితే దరిద్రప్పెట్టె. ఇది ఆడితే సెలవు పెట్టి రైలెక్కుతావు. నా వైరు పట్టుకెళ్లి తాళమేసేవు నాన్నా. నేనేటి తప్పు చేసేను? పరీక్ష తప్పేనా? దొంగతనం చేసేనా? ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నవ్వుతుంటే నాకు... నేను కొన్నది కదా అది. ఒక్కరోజైనా నా పక్కన కూర్చున్నావా?"

"సుమంతూ, నాన్నతో అలగ మాటాడకు," అంది సుభద్రమ్మ.

"ఆణ్ణి అననీ," అన్నాడు తిరుమలరావు.

ఆయన పేపరు మడిచాడు. మడిచినదాన్ని మళ్లీ మడిచాడు. సుమంత్ ఎదురుచూసిన కేక రాలేదు.

"ఆ వైరు పట్టుకెల్లిన రోజు గెలిసేననుకున్నాను," అన్నాడు చివరికి. "నువ్వు మార్కులు తెచ్చేవు. ఉద్యోగం తెచ్చేవు. అందరికీ సెప్పుకున్నాను, నేను వైరు తియ్యబట్టే బాగుపడ్డాడని. కాని దామంజోడి ఎల్లిన కాణ్ణించి నువ్వు అమ్మకే ఫోన్ సేస్తావు. నాన్న బాగున్నాడా అని ఆవిణ్ణి అడుగుతావు. పక్కనే ఉంటాను. ఇంటాను."

సుభద్రమ్మ ట్రే బల్ల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ గుంట ఆడడం మొదలెట్టినప్పుడు నాకు అదే కోపం వచ్చిందిరా. వైరు మీదికి సెయ్యి కూడా ఎల్లింది. కాని భయమేసింది. ఇదీ నీలాగే మాట మానేస్తాదేమోనని. అందుకని పక్కన కూకుని, ఏటిది అమ్మీ అని అడిగేను. అంతే." ఆయన కళ్లద్దాలు తీశాడు. "నీ దగ్గర తప్పు సేసి నేర్సుకున్నాను. నేర్సుకున్నది దీనికి పనికొచ్చింది, నీకు పనికి రాలేదు. అది అన్నేయమే. కాదన్ను."

నాన్న నోటి నుంచి ఆ మాట వస్తుందని సుమంత్ ఎన్నడూ అనుకోలేదు. కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. తిరుమలరావు లేచి వచ్చి అతని వెనక నిలబడ్డాడు. కొడుకు తల మీద చెయ్యి వెయ్యబోయి, ఎన్నాళ్ల నుంచో అలవాటు తప్పినవాడిలా తటపటాయించి, భుజం మీద వేశాడు.

"నాన్న సంగతి మీరిద్దరూ తేల్చుకోండి," అంది ధరణి కళ్లు తుడుచుకుంటూ. "నా కార్డు సంగతేటి?"

సుమంత్ వెంటనే బాపిరాజుకి ఫోన్ చేశాడు. నిన్న సాయంత్రమే అమ్మేశానన్నాడు అతను.

తర్వాత సుమంత్ చెల్లెలి వైపు చూసి, "తప్పు చేసేనమ్మీ," అన్నాడు. "రేపు నాతో విజయనగరం రా. ఇంకేదైనా ఉందేమో చూద్దాం. ప్లాంటుకి ఇంకో రోజు సెలవు చెబుతాను."

సోమవారం రైల్లో ధరణి కిటికీ పక్కన కూర్చుని పార్వతీపురం దాకా బయటికే చూసింది. అతను కొన్న పల్లీలు మాత్రం తింది. పార్వతీపురం దాటాక, "నాకెప్పుడూ నువ్వంటేనే అసూయ, తెలుసా?" అంది. "ఇంట్లో ఏ చిన్నది చెడిపోయినా, సుమంత్ వస్తే చూస్తాడులే అంటాడు నాన్న. నేను పక్కనే ఉన్నా."

సుమంత్ ఆమె వైపు తిరిగాడు. నిజంగా అతనికి ఆ సంగతి తెలియదు.

బాపిరాజు దగ్గర ఇంకొక కార్డు ఉంది. పాతది, బలం తక్కువది, నాలుగున్నర వేలు. సుమంత్ దాన్ని అక్కడి కంప్యూటర్లోనే బిగించి గంటసేపు నడిపించి, వేడి చూసి, శబ్దం విని, బేరమాడి నాలుగుకి తెచ్చాడు. మిగిలిన డబ్బుతో ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఒక మంచి ఫ్యాన్ కొన్నారు. జేబులోంచి మిగతాది వేసి కొత్త కార్డే కొంటానని అతనంటే ధరణి ఒప్పుకోలేదు. "నా డబ్బుతోనే అవ్వాలి," అంది.

ఇంటికొచ్చాక అతను స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. వేడిని లాగే పేస్టు ప్రాసెసర్ మీద ఎండిపోతే దాన్ని గోకి కొత్తది రాయడం, ఫ్యాన్ గాలి ఏ వైపు పోవాలో చూసుకోవడం, కార్డు టక్కుమనేదాకా నొక్కడం, అన్నీ ఆమె చేతే చేయించాడు. తిరుమలరావు లైటు పట్టుకున్నాడు. ఒక స్క్రూ జారి లోపల పడితే ముగ్గురూ కలిసి పెట్టెని తలకిందులు చేసి ఊపారు.

కంప్యూటర్ ఆగలేదు. ఆటలో బొమ్మల నాణ్యత తగ్గించుకోవాల్సి వచ్చింది కాని, రెండు గంటలు ఆడినా వేడెక్కలేదు.

మూడు వారాల తర్వాత జట్టులో ధరణిని రిజర్వుగా తీసుకున్నారు. ఆ కబురు చెప్పడానికి ఆమె అన్నకి ఫోన్ చేసింది. "ఆ కార్డుంటే మొదటి అయిదుగురిలో ఉండేదాన్నేమో," అంది.

"ఉండేదానివే," అన్నాడు సుమంత్. సర్దిచెప్పే ప్రయత్నం చెయ్యలేదు. ఆమే, "వచ్చే నెల మళ్లీ చూస్తారట. సాధన చెయ్యాలి. నువ్వు వచ్చినప్పుడు నాకు ఎదురు ఆడు," అంది. తర్వాత, "ఇదిగో, నాన్నకి ఇస్తన్నాను," అంది.

ఇద్దరూ అయిదు నిమిషాలు మాట్లాడారు. దామంజోడిలో వాన పడుతోందా, మెస్‌లో ఏం పెడుతున్నారు, అంతే.

తర్వాతి నెల అతను ఇంటికి వచ్చిన ఆదివారం పొద్దున్న ధరణి అమ్మతో కలిసి బజారుకి వెళ్లింది. సుమంత్ ఊరికే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వెనక చెక్క కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. తిరుమలరావు దాన్ని అతని పక్కకి లాక్కుని కూర్చున్నాడు.

"కాలేజీలో రెండోవోడివి వచ్చేవు కదా. ఏ ఆట అది?"

"ఇదే నాన్నా."

"సూపించు."

సుమంత్ ఆట మొదలుపెట్టాడు. ఎటు పరిగెత్తాలో, శత్రువు ఎక్కడ దాక్కుంటాడో చెబుతూ ఆడాడు. నాన్న ముందుకు వంగి, ప్రతిదానికీ "ఊఁ, ఊఁ" అంటున్నాడు. ఆ గొంతు అంత దగ్గరగా వినబడుతుంటే అతని కళ్లు నిండిపోయాయి. తెర మీద ఏముందో కనబడలేదు. నిమిషంలో ఆట అయిపోయింది.

"ఏటిరా, సచ్చిపోయేవేటి?"

"అవును నాన్నా. మళ్లీ మొదలెట్టొచ్చు."

"అయితే మొదలెట్టు," అన్నాడు తిరుమలరావు, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని. "నాకు డ్యూటీ రెండింటికి."