పడకగది బటన్

ఆ వీధి చివరి ఇంటికి మంచి పేరు లేదు. ఇప్పుడని కాదు, ఎప్పటి నుంచో లేదు. ఒకప్పుడు అక్కడున్న పెద్దాయన ఒక సాయంత్రం కారు తీసుకుని బయటికి వెళ్ళాడట... మళ్ళీ రాలేదట. కారూ రాలేదు, కబురూ రాలేదు. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు గాని, చీకటి పడ్డాక ఆ గ్యారేజీ ముందు నుంచి నడవాల్సి వస్తే మాత్రం అందరికీ కాళ్ళు తొందరపడతాయి.

సరే, అదంతా పాత పురాణం. ఖాళీ ఇల్లు కనిపిస్తే కథలు అల్లని మనుషులు ఎక్కడున్నారు? అసలు సంగతి అది కాదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఆ ఇల్లు కొనుక్కుని వచ్చాక, గ్యారేజీ తలుపు దానంతట అదే తెరుచుకోవడం మొదలుపెట్టింది.

రోజూ కాదు. ఉండి ఉండి, ఏదో ఒక రాత్రి... ముందు వీధివైపు కిటికీ తెర లేస్తుంది. పూర్తిగా కాదు, మనిషి తొంగి చూసేంత. కాసేపు అలాగే ఆగుతుంది. ఆ తర్వాత గ్యారేజీ షట్టరు గరగరమంటూ పైకి పోతుంది. లోపల లైటు వెలుగుతుంది.

లోపల ఎవరూ ఉండరు.

పెద్దాయన కోసం ఇల్లు ఎదురుచూస్తోందన్నారు వీధిలో వాళ్ళు. నిప్పు లేనిదే పొగ రాదని ఇంకొకరు సాగదీశారు. అవి వినీ వినీ అక్క సాయంత్రమైతే చాలు, గుక్కెడు మంచినీళ్ళకి కూడా ఒంటరిగా లేవడం మానేసింది. చెల్లెలికి మాత్రం భయం వేయలేదు, ఒళ్ళు మండింది.

చెల్లెలు లెక్కల టీచరు. ఆవిడకి దెయ్యాల మీద నమ్మకం లేదు, మనుషుల మీద అంతకన్నా లేదు. అందుకే ఆవిడ అనుమానం తిన్నగా ఒకడి మీదికి పోయింది – ఆ తెరలకీ షట్టరుకీ మోటార్లు బిగించినవాడి మీదికి.

అతన్ని అందరూ రిమోటాయన అంటారు. తెరలకి మోటార్లు, షట్టర్లకి మోటార్లు, అన్నింటినీ కలిపి ఫోన్‌లోకి ఎక్కించడం అతని పని. పని శుభ్రంగానే చేస్తాడు, నోరు కూడా మంచిది. కాని ఆ పనిలో ఒక చిక్కుంది. జనం తమ ఇంటి తలుపే తెచ్చి అతని చేతిలో పెడతారు. ఒక్కసారి నమ్మకం పోయిందా, ఇక ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

టీచరమ్మ ఫోన్ చేసి తిట్టలేదు. తిట్టినా బాగుండేదని అతను తర్వాత చెప్పుకున్నాడట. మా ఇంటి తలుపు మీ ఫోన్‌లోంచి కూడా తెరుచుకుంటుందా అని మాత్రం అడిగింది. అబద్ధం చేతకాని మనిషి, తెరుచుకుంటుందని ఒప్పుకున్నాడు. మరమ్మతులకి పనికొస్తుందని అలా ఉంచుకుంటామని, ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ అంతేనని నసిగాడు.

"ఎవరు తెరుస్తున్నారో రేపటిలోగా తేల్చండి" అందావిడ. "లేకపోతే ఇప్పుడు మీరన్న ముక్కే పోలీసులకి చెబుతాను."

రిమోటాయన ఏ తప్పూ చేయలేదు. అయినా ఆ వీధిలో ఒక్కరు కంచే చేను మేసిందంటే చాలు, మిగిలిన ఊరంతా ఔనంటుంది. మర్నాడు మిగతా పనులన్నీ వాయిదా వేసి, పొద్దు వాలేసరికి సంచీ భుజాన వేసుకుని ఆ ఇంటికి చేరాడు.

నిజానికి అతని అనుమానాలు అతనికీ ఉన్నాయి. మొదట్లో వాళ్ళు పిలిచినప్పుడు వచ్చి, ఎదురింటివాళ్ళ రిమోటుకి ఈ షట్టరు పలుకుతోందేమో అనుకుని కోడ్ మార్చేశాడు. మళ్ళీ తెరుచుకుంది. ఇంట్లోని రిమోట్లన్నీ పోగేసి, బ్యాటరీలు పీకి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించాడు. మళ్ళీ తెరుచుకుంది. తెరుచుకున్న ప్రతిసారీ అతని ఫోన్‌లో ఒకటే మాట పడేది.

*పడకగది బటన్ నొక్కారు.*

ఆ ఇంట్లో పడకగది బటన్ ఉన్నది అక్క మంచం పక్కనే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అక్కకి మొదటి నుంచీ ఈ ఇల్లు నచ్చలేదు. పాత ఇంటికే పోదాం పద అని చెల్లెలి చెవిలో జోరీగలా పోరుతూనే ఉంది. పడుకున్నచోటి నుంచే చెయ్యి చాపి ఒక్క బటన్ నొక్కితే... ఇక చెప్పాలా? రిమోటాయన ఆవిడ వైపు ఓరగా చూశాడు. ఆవిడ శాలువా కప్పుకుని సోఫా మూల ముడుచుకుని కూర్చుంది. ఆ భయం నిజమో నటనో అతనికి అంతుపట్టలేదు. తన మీద పడ్డ నింద ఇంకొకరి మీదికి తోసేయాలని ఎవరికి మాత్రం ఉండదు?

తిన్నగా పడకగదిలోకి వెళ్ళి, మంచం పక్కన గోడకున్న బటన్ ఊడదీశాడు. ఇద్దరికీ చూపించి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇది ఇప్పుడు నా దగ్గరుంది టీచరుగారూ. ఈ రాత్రి తలుపు తెరుచుకోలేదంటే..."

మిగతా మాట మింగేశాడు. కాని చూపు అక్క మీదికి పోయింది. టీచరమ్మ లెక్కలు తెలిసిన మనిషి కదా, ఆ చూపు ఎటు పోయిందో పట్టేసింది.

"మా అక్కా?" అంది మెల్లగా.

అక్క కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చెల్లెలి ముఖంలోకి చూసింది. ఛ, మా అక్క అలాంటిది కాదు అని చెల్లెలు వెంటనే అనలేదు. ఆ అనకపోవడమే అక్కని ఎక్కువ బాధపెట్టింది.

ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. రిమోటాయన లైట్లు ఆర్పించాడు. వీధిదీపం వెలుతురు తెర అంచుల్లోంచి సన్నగా నేల మీద పడుతోంది. వంటగదిలో ఫ్రిజ్ కాసేపు మూలిగి ఊరుకుంది. వీధిలో నడిచేవాళ్ళ అలికిడి కూడా తగ్గిపోయింది.

ఎంతసేపైందో...

టక్.

నేల మీది వెలుతురు గీత కదిలింది. మెల్లగా... ఇంకాస్త మెల్లగా... వెడల్పైంది. తెర లేస్తోంది. మనిషి తొంగి చూసేంత లేచి – ఆగింది.

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. రెండు చేతులతోనూ పట్టుకుంది. అంటే ఆవిడ చేతులు రెండూ అక్కడే ఉన్నాయి. రిమోటాయన గబుక్కున జేబు తడుముకున్నాడు. బటన్ జేబులోనే ఉంది.

గోడ అవతల గ్యారేజీలో షట్టరు గరగరమంటూ పైకి పోయింది. తలుపు సందులోంచి లైటు వెలుగు కనిపించింది. సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మెరిసింది.

*పడకగది బటన్ నొక్కారు.*

అతను జేబులోంచి బటన్ తీసి టీపాయ్ మీద పెట్టాడు. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు అతనికి ఏదో తట్టింది. ఫోన్‌లో ఆ మాట మీద వేలు నొక్కిపట్టాడు. ఏ పడకగది, ఏ ఇల్లు – అన్నీ కింద వివరంగా ఉంటాయి. పేరు ఒకటే కదా అని అతను ఇన్నాళ్ళూ అంత లోతుకి వెళ్ళలేదు.

చూసి, ఒక్కసారి పకాలున నవ్వేశాడు.

"దెయ్యం లేదు, దొంగా లేడు టీచరుగారూ. తప్పు నాదే. ఇది మా ఇంట్లో బటన్."

అసలు జరిగిందేమిటంటే, కొత్త ఇంటి పని పట్టినప్పుడల్లా అతను అన్నీ మొదటి నుంచి ఫోన్‌లో ఎక్కించడు. తన ఇంట్లోని అమరికనే నకలు తీసి కొత్త ఇంట్లో దించుతాడు. ఆది జాకెట్టు పెట్టి కొత్త జాకెట్టు కత్తిరించినట్టన్నమాట. దించాక తన ఇంటితో ఉన్న లంకెలన్నీ తెంపాలి. ఈ ఇంటి పని చేసే రోజుల్లో అతని మనసు మనసులో లేదు. ఒక లంకె తెంపడం మరిచిపోయాడు. దాంతో అక్కడ బటన్ నొక్కితే అక్కడి తెరా షట్టరూ తెరుచుకుంటాయి, వాటితోపాటు ఇక్కడివీ తెరుచుకుంటాయి.

ఆ బటన్ వాళ్ళమ్మ కోసం పెట్టిందట. కొడుకు ఎంత ఆలస్యంగా వచ్చినా, ఇల్లు చేరేదాకా ఆవిడ కన్ను మూసేది కాదు. కిటికీలోంచి తొంగి చూసి, వచ్చేవేళకి గ్యారేజీ తలుపు తీసి ఉంచేది, బిడ్డ బయట నిలబడకూడదని. చివరి రోజుల్లో మంచం దిగలేకపోయింది. అందుకని ఒక్క బటన్‌లోనే అన్నీ పెట్టాడు. ఒకసారి నొక్కితే చూపు ఆనేంత తెర లేస్తుంది, తర్వాత షట్టరు, తర్వాత లైటు. అతను లోపలికొచ్చి వచ్చేశానమ్మా అనగానే మళ్ళీ నొక్కి తెర దించేసి, అప్పుడు నిద్రపోయేది. ఆవిడ పోయాకే అతను ఈ ఇంటి పనికి వచ్చాడు.

ఇప్పుడు ఆ గదిలో తన పిల్లాడు పడుకుంటున్నాడనీ, వాడే ఆటకి నొక్కుతుంటాడనీ చెప్పి, అక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. అక్క ఫరవాలేదన్నట్టు తలూపింది. చెల్లెలు తలూపలేదు. లెక్క సరిచూడనిదే వదిలే రకం కాదావిడ.

"ఇప్పుడే ఇంటికి ఫోన్ చేయండి. ఎవరు నొక్కారో మేమూ వినాలి."

అతను స్పీకర్ పెట్టి భార్యకి ఫోన్ చేశాడు. పిల్లాడు మళ్ళీ బటన్ నొక్కాడా అని అడిగాడు.

"పిల్లాడేమిటండీ? వాడు నా పక్కనే ఉన్నాడు. మా అక్కయ్య ఇంట్లో ఉన్నామని పొద్దున్నే చెప్పాగా. మన ఇల్లు తాళం వేసి ఉంది."

రిమోటాయన నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. మరి ఇన్నాళ్ళూ తను ఆలస్యంగా వచ్చినప్పుడల్లా షట్టరు తీసి ఉంచింది నువ్వే కదా అన్నాడు.

"నేనా?... మీరే రిమోటుతో తీసుకుని వస్తున్నారనుకున్నా." గొంతు తగ్గింది. "అయినా ఆ బటన్ ఎలా పనిచేస్తుంది? అత్తయ్య పోయిన మర్నాడే బ్యాటరీ తీసేసి బీరువాలో పెట్టాను. చూస్తే ఏడుపొస్తోందని..."

ఫోన్ పెట్టేశాక టీచరమ్మే అడిగింది, అడగాలని లేనట్టుగా. మొన్న పెద్ద వాన పడిన రాత్రి మీరు ఇంటికి ఆలస్యంగా వెళ్ళారా? అతను తలూపాడు. పోయిన శనివారం? ఆ రోజూ అంతే. తలుపు తెరుచుకున్న రాత్రులన్నీ ఒక్కొక్కటే అడిగింది. ఒక్కదానికీ అతను కాదనలేకపోయాడు.

అప్పుడు లేచింది అక్క. అన్నాళ్ళుగా ఆ ఇంట్లో నీడని చూసి జడుసుకున్న మనిషి, చీకట్లోనే వంటగదిలోకి నడిచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"తాగి బయలుదేరు బాబూ. పాపం ఎంతసేపని చూస్తుందావిడ?"

అతను లంకె తెంపడానికి ఫోన్ తీశాడు. తెంపలేక టీచరమ్మ వైపు చూశాడు.

"ఇక్కడిది తీసేయండి" అందావిడ. "మీ ఇంట్లోది మాత్రం... ఉండనివ్వండి."

దారంతా అతను తనకి తాను నచ్చచెప్పుకుంటూనే ఉన్నాడట. అన్నింటినీ కలిపే హబ్బు పెట్టె పాడై ఉంటుంది, రేపు విప్పి చూడాలి అనుకున్నాడు. అలా అనుకుంటూనే తన వీధి మలుపు తిరిగాడు.

వీధి తలుపుకి తాళం వేసినట్టే వేసి ఉంది. గ్యారేజీ షట్టరు మాత్రం పూర్తిగా తెరిచి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. వాళ్ళమ్మ గది కిటికీ తెర లేచి ఉంది – తొంగి చూసేంత.

బండి ఆపి అక్కడే నిలబడిపోయాడు. భయం ఒక పక్క, ఏడుపు ఒక పక్క. వెనక్కి పరుగెత్తాలనిపించింది. కాని ఆ వెలుతురు ముందు అంతసేపు బయట నిలబడటం అంతకన్నా పెద్ద తప్పనిపించింది. బండి లోపల పెట్టాడు. షట్టరు కిందే నిలబడి, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

"వచ్చేశానమ్మా... పడుకో."

కిటికీ తెర మెల్లగా కిందికి దిగింది.