ఉమ్మడం రాని ఏజెంట్

ఆదివారం ఆరాధన అయిపోయింది. మిషిగన్‌లోని ట్రాయ్ తెలుగు చర్చి పార్కింగ్ లాట్‌లో జనం ఖాళీ బిర్యానీ ట్రేలు కార్లలో సర్దుకుంటుండగా దైవాశీర్వాదం చెవిలో ఓ గొంతు పలికింది.

"పులిహోరలో పులుపెక్కువైంది."

"నిమ్మకాయ మార్చండి," అన్నాడాయన పెదవులు కదపకుండా.

కోడ్ సరిపోయింది. ఆయన చెవిలో ఉన్నది చెవిటి మిషన్ అని సంఘమంతా అనుకుంటుంది. అది రేడియో. యాభై ఎనిమిదేళ్ల దైవాశీర్వాదం లోకానికి బ్రేకుల ఇంజినీరు, చర్చికి సంఘపెద్ద, అసలుకి సీక్రెట్ ఏజెంట్ డి-సెవెన్. గడ్డకట్టిన సరస్సు మీద హవాయి చెప్పులతో పరిగెత్తి జలాంతర్గామిని పట్టుకున్న ఘనుడు. నమ్మకపోతే ఆ చెప్పులు ఇప్పటికీ గరాజ్‌లోనే ఉన్నాయి.

"మిషన్ చెప్పండి, చీఫ్."

"నలభై లక్షల కార్ల బ్రేక్ సాఫ్ట్‌వేర్ కీ దొంగిలించారు. మైక్రోచిప్‌లో ఉంది. శనివారం సరిగ్గా నాలుగింటికి, ఉత్తరాన సరస్సు ఒడ్డున రెడ్ లాంతర్ వైనరీలో చేతులు మారుతుంది. దేశం దాటిందా, ఎక్కడో కూర్చుని ఒక్క బటన్‌తో ఆ బ్రేకులన్నీ ఫెయిల్ చేస్తారు. టేస్టింగ్ టేబుల్ మీద ఆరు సీసాలు. చిప్ ఉన్న సీసాలో రుచి తేడాగా ఉంటుంది. మీరు పట్టుకోవాలి."

"నేనా? వైనా?"

"నోట్లో పోసుకోండి, బకెట్‌లో ఉమ్మేయండి. మింగారో, మిషన్ ఫెయిల్. అక్కడ వైన్ పోసేది మన ఏజెంట్ రాగిణి. ఒంటరిగా వెళ్తే అనుమానిస్తారు. మిసెస్‌ని తీసుకెళ్లండి."

మిసెస్ కరుణమ్మ స్త్రీల కూటం లీడర్. ముప్పయ్యేళ్లుగా భర్తకి బ్రేకులు తప్ప వేరే లోకం లేదని నమ్మిన మనిషి.

"యానివర్సరీకి ద్రాక్షతోట చూసొద్దాం కరుణా," అన్నాడాయన. నాలుగు దేశాల పోలీసులకి తొణక్కుండా అబద్ధం చెప్పినవాడికి ఆ ఒక్క మాటకే చొక్కా తడిసింది.

శనివారం మూడున్నర. తోట చూసి మురిసిన కరుణమ్మ లోపల గ్లాసుల వరస చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఏవండీ, ఇది సారా కొట్టా?"

"టేస్టింగే కరుణా. ఉమ్మేస్తారు."

"ఉమ్మేసేదానికి నాలుగు గంటలు డ్రైవ్ చేశారా?"

నల్ల గౌను, ఎర్ర లిప్‌స్టిక్, కొడవలి లాంటి కనుబొమలు. రాగిణి చేతిలో కార్క్‌స్క్రూ తళుక్కుమంది. "వెల్కమ్, అంకుల్!"

ఆ అంకుల్ అన్న మాట దగ్గరే డి-సెవెన్ సగం ఓడిపోయాడు.

మొదటి గ్లాసు నోట్లో పోసుకున్నాడు. బకెట్ వైపు వంగాడు. గొంతు ఒప్పుకోలేదు. పద్నాలుగో ఏట చర్చిలో మొదటిసారి ప్రభు బల్ల ద్రాక్షరసం తీసుకున్న నాడు, ఒక్క చుక్క కింద పడకూడదని పాస్టరుగారు చెప్పారు. తను మర్చిపోయినా తన గొంతు మర్చిపోలేదు. చిన్న గ్లాసు, ఎర్ర రసం. గుటుక్కుమంది. కళ్లు మూతపడ్డాయి, తల వంగింది.

"స్పిట్ చేయండి అంకుల్," అంది రాగిణి తియ్యగా, రెండోది నింపుతూ.

గుటుక్. మూడు. నాలుగు. ఐదోది దిగాక సంఘపెద్ద లేచి నిలబడి చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. ఈ వైనరీని దీవించమన్నాడు. దాని పార్కింగ్‌ని దీవించమన్నాడు. బకెట్‌ని ప్రత్యేకంగా దీవించమన్నాడు. హాలంతా తిరిగి చూసింది. చెవిలోని రేడియోలో హెడ్‌క్వార్టర్స్ మొత్తం వింటోంది.

కరుణమ్మ తిట్టలేదు. తల దించుకుంది. అది చూశాక ఆయన మత్తు సగం దిగి, ఆ జాగాలో సిగ్గు నిండింది.

మూడూ యాభై ఎనిమిది. బూడిదరంగు టోపీవాడొకడు టేబుల్ దగ్గరికి వస్తున్నాడు.

"కరుణా, నేను ఏజెంట్‌ని. ఒక సీసాలో దొంగసొత్తుంది. ఏ సీసానో చెప్పలేను. నాలుక మొద్దుబారింది."

"ముప్పయ్యేళ్లూ ఏజెంటేనా?"

"ముప్పయ్యేళ్లూ."

ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని చూసి, గ్లాసుల వైపు తిరిగింది. చర్చి బల్ల కోసం నెలనెలా ద్రాక్షపళ్లు ఉడికించి వడగట్టేది ఆవిడే. తాగని ఆరో గ్లాసు ఎత్తి, వెలుతురుకి పట్టి, వంచి చూసింది.

"మీరు తాగిన గ్లాసుల లోపల రసం జారిన చారలున్నాయి. దీనికి లేవు. ఇది ద్రాక్ష కాదండీ, బీట్‌రూట్ నీళ్లు."

రాగిణి నవ్వు ఆరిపోయింది. కార్క్‌స్క్రూ పిస్టలయింది. "మీ ఫైల్ చదివాను అంకుల్. మీరు ఉమ్మలేరని తెలిసే దీన్ని చివర పెట్టాను. ఆంటీ, ఆ గ్లాసు దించండి."

ఆంటీ గ్లాసు దించి బకెట్ ఎత్తింది. పొద్దుట్నించీ మిషిగన్‌వాళ్లు ఉమ్మిన వైనంతా బకెట్‌తో సహా రాగిణి నెత్తిన బోర్లించింది. ఆ వరదలో రాగిణి పిస్టల్ కొట్టుకుపోయింది; టోపీవాడు జారి, తలుపు దాటి, రేడియోలో విని చీఫ్ పంపిన పోలీసు కారు టైరు దగ్గర ఆగాడు. ఆరో సీసా కింద పడి పగిలి చిప్ బయటపడింది. గోడ గడియారం నాలుగు కొట్టేలోపు కరుణమ్మ మడమ దాన్ని పిండి చేసింది.

ఇంటికి కారు ఆవిడే నడిపింది.

మర్నాడు చర్చిలో ప్రభు బల్ల ఇచ్చే ఆదివారం. దైవాశీర్వాదం పెద్దల వరసలో కాక, ఆఖరి కుర్చీలో కూర్చున్నాడు. కరుణమ్మ ట్రే పట్టుకుని అక్కడిదాకా వచ్చింది.

"నాకొద్దు కరుణా. ముఖం చెల్లడంలేదు."

"ముప్పయ్యేళ్ల లెక్క ఇంటికెళ్లాక తేలుస్తాను," అంది గొంతు తగ్గించి. "ఇది నేను కాచిన రసం. మింగొచ్చు."

మింగాడు. కళ్లు తుడుచుకుంటుండగా చెవిలో చీఫ్ గట్టిగా "ఆమెన్" అన్నాడు.

దైవాశీర్వాదం రేడియో ఆపడం మళ్లీ మర్చిపోయాడు.